గోడవైపు సగం

కార్ల మ్యూజియం, పై అంతస్తు గది
ఫిబ్రవరి

వదినకి,

బాగున్నావా అని అడగను. బాగాలేకపోతే బాగున్నానని రాస్తావు, బాగుంటే అసలు జవాబే రాయవు. మా ఇంటివాళ్ళ ఫోన్లేవీ ఎత్తవని తెలుసు కాబట్టి బుద్ధిగా కాగితం తీసుకున్నాను.

పని పడి రాస్తున్నాను, దాచడమెందుకు. మన కంపెనీ పెద్దబండి కారుకి ఆరో తరం వస్తోంది. ఇంజను లేదు, అంతా బ్యాటరీ. ఆ సందర్భంగా మ్యూజియంలో పెద్దబండి చరిత్ర మొత్తం ఒకే హాల్లో పెడుతున్నాం, ఆరు తరాలూ వరసగా. ఆ హాలు నా నెత్తిన పడింది. రిటైరయ్యే ముందు నాకు ఇదొక్కటే మిగిలిన పెద్ద పని. మొన్న పాత సామాను గదిలో టార్పాలిన్ కింద ఏం దొరికిందో తెలుసా? మొదటి బండికి ముందు చేసిన మట్టి నమూనా! బొమ్మంత కాదు, అసలు బండంత. గోడకి ఆనించి ఉంది. దాన్నే హాలు మధ్యలో పెడదామనుకుంటున్నాను.

గోడల మీద కథ నేనే రాస్తున్నాను. మొదటి తరం మంత్రులూ మిల్లు యజమానులూ ఎక్కిన బండి. ముందు లైటు నుంచి వెనక లైటు దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత. రెండో తరానికి వెనక తలుపు పక్కన చిన్న కిటికీ వచ్చింది. మూడో తరానికి టాపు వెనక్కి జారింది. నాలుగోదానికి తలుపుల మీది గీత కొంచెం కిందికి వంగి మళ్ళీ లేచింది. ఐదోదానికి తలుపు పిడులు ఆ గీతలోనే దాక్కున్నాయి. ఇప్పుడు ఆరోదానికి ముక్కు పొట్టిది. ఇదంతా అన్నయ్య చెయ్యి. ఆరోది శిష్యులు చేసినా, వాళ్ళ పక్కన నిలబడి చేయించింది అన్నయ్యే.

నువ్వు కూడా మట్టి నమూనాలు చేసే ఆ గదిలోనే పనిచేశావు కదా. ఆ రోజుల కబుర్లు సరదాగా ఒక నాలుగు మాటలు రాసి పంపు. "భార్య జ్ఞాపకాలు" అని ఒక చిన్న బోర్డు పెడతాను. చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

నీ బుజ్జమ్మ

*

వాష్‌బేసిన్ల ఫ్యాక్టరీ, అచ్చుల షెడ్డు
ఫిబ్రవరి

బుజ్జమ్మకి,

భార్య జ్ఞాపకాలట! నీ ఉత్తరం నలిపి బుట్టలో పారేశాను. మళ్ళీ తీసి, చేత్తో చదును చేసి ఇంకోసారి చదివాను. కోపం పెరిగిందే కానీ తగ్గలేదు.

జ్ఞాపకాలు కావాలన్నావు కదా, రాస్తాను. నీ బోర్డుకి పనికొస్తాయో లేదో నువ్వే చూసుకో. పెద్దబండి మొదటి నమూనా చేసేనాటికి మీ అన్నయ్యా నేనూ ఒకే ఉద్యోగంలో ఉన్నాం. మట్టి గదిలో ఒక పద్ధతి ఉండేది. రెండు ఆలోచనలు వచ్చాయని రెండు బండ్లు చెయ్యరు, మట్టి దండగ, చోటు దండగ. ఒకే బండికి ఎడమ సగం ఒకరు చేస్తారు, కుడి సగం ఇంకొకరు చేస్తారు. నడుమ ముక్కు నుంచి తోక దాకా ఒక నల్ల టేపు. పెద్దలొచ్చి చుట్టూ తిరిగి చూసి ఒక సగాన్ని ఎంచుతారు. రోడ్డెక్కే బండికి రెండు పక్కలా అదే వస్తుంది.

ఎడమ సగం మీ అన్నయ్యది. కుడి సగం నాది. ఒకే ఓవెన్లో మెత్తబడ్డ మట్టి తీసుకుని, ఒకే బల్ల మీద కాఫీ తాగి, చెరో పక్క నిలబడి గీకాం. పెళ్ళయిన కొత్త, ఆ పోటీ కూడా సరసంగానే ఉండేది. నా వైపు బానెట్ పొట్టిగా చేస్తే "ఇంజను ఎక్కడ పెడతావు, నీ ఒళ్ళోనా?" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఛైర్మన్ వచ్చిన రోజు లైట్లన్నీ ఎడమవైపే ఉన్నాయి. తివాచీ ఎడమవైపే. కుర్చీ ఎడమవైపే. సర్దింది మీ అన్నయ్య. ఆ పెద్దమనిషి కూర్చున్నాడు, కాఫీ తాగాడు, "ఇదే మన బండి" అన్నాడు, లేచి వెళ్ళిపోయాడు. కుడివైపు చీకట్లో స్క్రేపర్ పట్టుకుని నేను నిలబడే ఉన్నాను. చుట్టూ తిరిగి చూస్తాడేమోనని.

సరే, ఓడిపోయాను. ఓడినందుకు ఏడ్చే రకాన్ని కాదు. నా కడుపు మండింది ఆ తర్వాత. నమూనాని గోడకి జరిపించాడు, నా సగం గోడవైపు ఉండేలా. రెండో తరం మొదలయ్యాక, వెనక కూర్చునేవాళ్ళకి ఊపిరాడటం లేదని జనం గోల పెట్టారు. చిన్న కిటికీ వచ్చింది. అది నా కిటికీ. దాని మూల గుండ్రంగా ఉంటుంది చూడు, నా బొటనవేలితో ఒత్తిన గుండ్రం అది. నిలదీస్తే "కిటికీ అంటే కిటికీ, అందులో నీదేంటి నాదేంటి?" అన్నాడు. తర్వాత పెట్రోలు ధర మండిపోయింది, గాలికి అడ్డం తగలని బండి కావాలన్నారు, నా జారుడు టాపు వచ్చేసింది. ఆ ఏడే మీ ఇంట్లోంచి వచ్చేశాను. నా నోటి దురుసు వల్లే కాపురం పోయిందని మీరంతా చెప్పుకున్నారు. చెప్పుకోండి. నాలుగోదాన్లోకి నా గీత పోయింది. ఐదోదాన్లోకి నా పిడులు పోయాయి. ఇక్కడ వాష్‌బేసిన్లకి అచ్చులు చెక్కుకుంటూ, రోడ్డు దాటినప్పుడల్లా నా బండి ముక్కలు ముక్కలుగా ఎదురొస్తుంటే చూస్తూ బతికాను. ఇప్పుడు నా పొట్టి ముక్కు కూడా ఆరోదాన్లోకి పోయిందని నువ్వు రాస్తున్నావు, సంబరంగా. ఇంజను లేదు కదా, ఇక ఎవరి ఒళ్ళోనూ పెట్టక్కర్లేదు.

నా మాట నమ్మకు. వెళ్ళి నమూనాని గోడ నుంచి లాగించి కుడివైపు చూడు. చూశాక హాల్లో రెండు వైపులా లైట్లు పెట్టించు. ఎడమ సగం ఎవరిదో రాయి, కుడి సగం ఎవరిదో రాయి. నేను మట్టి పనిచేసిన మనిషిని, అది రాయి. ఇంకొక్క మాట. ఆ నమూనా మీద మీ అన్నయ్య చెయ్యి పడనివ్వకు.

వదిన

*

కార్ల మ్యూజియం, పాత సామాను గది
మార్చి

వదినకి,

పై గదికి వెళ్ళే ఓపిక లేక ఇక్కడే ఒక చెక్కపెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. పనివాళ్ళని పిలిచి నమూనాని లాగించాను. చక్రాల బల్ల మీదే ఉంది కానీ చక్రాలు బిగుసుకుపోయి గదంతా అదిరేలా కీచుమన్నాయి.

చూశాను. ఏం రాయను వదినా? ఇంకా అమ్మకానికి రాని బండి, కింద షోరూములో గుడ్డ కప్పి ఉంచిన బండి, ఇక్కడ దుమ్ము పట్టి మట్టిలో ఉంది. కిటికీ మూల నా బొటనవేలు పెట్టి చూశాను. సరిగ్గా పట్టలేదు, నీ వేలు లావు. ఇన్నేళ్ళు ఈ కంపెనీలో పెద్దబండి గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పినదాన్ని. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో ఇంకా తేల్చుకోలేదు.

అయినా ఒకటి ఆలోచించు. ప్రారంభానికి కంపెనీ పెద్దలంతా వస్తారు. అన్నయ్యకి అదే చివరి సన్మానం. ఇంటి గొడవ హాల్లో ఆరబెట్టడం బాగుంటుందా? నమూనా కింద అన్నయ్య పేరు, దాని కింద "సహకారం" అని నీ పేరు పెడతాను. చిన్నక్షరాలేం కాదు, బాగా కనపడేలాగే.

నిన్న అన్నయ్యకి కూడా చెప్పాను, నువ్వు రాసిందంతా. "మట్టి అక్కడక్కడా పగిలి ఉంటుంది, పగుళ్ళు నేను పూడుస్తాను" అన్నాడు. అంతే.

బుజ్జమ్మ

*

అచ్చుల షెడ్డు
మార్చి

బుజ్జమ్మకి,

సహకారం! నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నానా, స్క్రేపర్ తుడిచి అందించానా? నా సగంలో ఆయన సహకారం ఎంత ఉందో ఆయన సగంలో నాది అంతే ఉంది. ఆ పదం నీ బోర్డు మీద కనపడితే వచ్చి పీకి పారేస్తాను, పెద్దలెవరొచ్చినా సరే.

అంతకంటే పెద్ద తప్పు చేశావు. నేను రాసిందంతా తీసుకెళ్ళి ఆయనకి చెప్పేశావు. ఇన్నాళ్ళూ ఆ నమూనా ఎవరికీ గుర్తులేదు కాబట్టి బతికింది. ఇప్పుడది సాక్ష్యమని నువ్వే చెప్పావు. పగుళ్ళు పూడుస్తాడట! ఆ మట్టి మైనం కలిపిన మట్టి, నీడన ఉంటే రాయిలా ఉంటుంది. వెంట్రుకంత పగులుంటే నీ కంటికి ఆనేదే, రాసేదానివే. ఆయన ఓవెన్ వేస్తాడు, కుడివైపు గీకి ఎడమలా చేస్తాడు. రెండు పక్కలూ ఒక్కలా ఉంటే అడిగేవాడెవడు? నా సగం ఉండేదని చెప్తే ముసలిదానికి మతి పోయిందంటారు.

ఆ గది తాళం ఎవరి దగ్గరుంది? మిగతాదేమీ రాయకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క ముక్కకి జవాబు రాయి.

వదిన

*

కార్ల మ్యూజియం, పై అంతస్తు గది
ఏప్రిల్

వదినకి,

హాలుకి రంగులు వేస్తున్నారు. ముదురు బూడిద రంగు అనుకున్నాం, వేశాక చూస్తే ఆసుపత్రి వరండాలా ఉంది, మళ్ళీ వేయిస్తున్నాను. మొదటి తరం బండిని తెచ్చి నిలబెట్టారు. దాని సీట్లకి తోలు కుట్టినాయన మనవరాలే వచ్చి చిరుగులు బాగుచేసింది. మూడో తరానిది మాత్రం టైర్లు దొరకక ఇటుకల మీద నిలబడి ఉంది.

నువ్వు తిట్టావు, పడ్డాను. ఇప్పుడు నేనూ రెండు మాటలంటాను, పడు. నువ్వు వెళ్ళిపోయావు వదినా. ఆ కిటికీ నీదైతే ఆ రోజే ఛైర్మన్ గదికి వెళ్ళి బల్ల గుద్ది ఎందుకు చెప్పలేదు? మాకెవరికీ చెప్పలేదు. పెట్టె సర్దుకుని బయల్దేరావు. గుమ్మం దగ్గర నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నావు. ఆ తర్వాత అమ్మ కోపం, అన్నయ్య మౌనం, విడివిడిగా తినే వాళ్ళిద్దరి కంచాల మధ్య రాకపోకలు, అన్నీ ఎవరు మోశారు? నేను. నీ నోటి దురుసు గురించి అమ్మ పోయేదాకా అన్న మాటలన్నీ విన్నదెవరు? నేనే. నీకు అన్యాయం జరిగింది, ఒప్పుకుంటున్నాను. కానీ నీ కోపాన్ని అంతదూరం మోసుకుపోయి అచ్చుల్లో పోసి ఎండబెట్టుకుని, ఇప్పుడు నా రిటైర్మెంటు ముందు తెచ్చి నా బల్ల మీద పెడితే నేనేం చెయ్యాలి?

అన్నయ్య చేతులు వణుకుతున్నాయి ఈ మధ్య. కప్పు సాసర్లో పెట్టేటప్పుడు చప్పుడవుతుంది. అది కూడా నువ్వు చూడలేదు. ప్రారంభం మే నెలాఖరుకి ఖాయమైంది.

బుజ్జమ్మ

*

అచ్చుల షెడ్డు
ఏప్రిల్

బుజ్జమ్మకి,

రంగు గురించి రాశావు, టైర్ల గురించి రాశావు, కప్పూ సాసరు గురించి కూడా రాశావు. తాళం గురించి రాయలేదు.

ఇచ్చేశావన్నమాట.

వదిన

*

కార్ల మ్యూజియం, పెద్ద హాలు
మే

వదినకి,

ఇచ్చాను. నీ ఉత్తరం అందకముందే ఇచ్చాను. అందాక తిరిగి అడగొచ్చు, అడగలేదు. మా అన్నయ్య చెయ్యి చాచి తాళం అడిగితే ఇవ్వనని చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే పోయినసారి నీ మీద అరిచాను. నిజం రాయడం కంటే అరవడం తేలిక.

నమూనాని హాల్లోకి తెచ్చి చుట్టూ తెరలు కట్టించుకున్నాడు. ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. రోజూ ఓవెన్ వేడి బయటికి కొట్టేది, గీకిన చప్పుడు వినపడేది. నువ్వు చెప్పిందే జరుగుతోందని నాకు తెలుసు. తెర పక్కకి లాగి "ఆపు" అనడానికి ఒక్క అడుగు చాలు. ఆ అడుగు వెయ్యలేకపోయాను.

నిన్న తెరలు తీశాడు. నేను ముందు కుడివైపుకే పరిగెత్తాను. వదినా, నీ సగం అలాగే ఉంది! కిటికీ మూల నీ వేలిముద్రతో సహా. ఏడుపొచ్చింది నాకు. తర్వాత ఎడమవైపు వెళ్ళాను. అక్కడ కూడా నీ సగమే ఉంది. అదే జారుడు టాపు, అదే వంగిన గీత, అదే పొట్టి ముక్కు. తన సగాన్ని మొత్తం గీకి పారేసి నీది చూసి నీలాగే చేశాడు. నడుమ నల్ల టేపు లేదు. ఆ వణికే చేతులతో అంతా ఎలా చేశాడో!

"మీ వదినకి రాయి" అన్నాడు. "ఇది నా క్షమాపణ అని రాయి." కళ్ళు తుడుచుకున్నాడు. నేను కరిగిపోయాను. మీ ఇద్దరి గొడవ ఇన్నాళ్ళకి తీరిందనుకున్నాను. ఈ ఉత్తరం నిన్న రాసి ఉంటే ఇక్కడితో ఆపి పోస్టు చేసేదాన్ని.

ఇవాళ పొద్దున మేనేజింగ్ డైరెక్టర్ వచ్చాడు. నమూనా చుట్టూ తిరిగాడు, ఆరో తరం బండి దగ్గరికెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "అంటే ఆ రోజుల్లోనే ఇవాళ్టి బండిని ఊహించారా! కాలం అందుకోలేదు కాబట్టి తిన్నని గీతతో సరిపెట్టుకున్నారన్నమాట!" అని అన్నయ్య చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. కొత్త బోర్డు అప్పటికప్పుడు చెప్పి రాయించాడు. "ఆరు తరాల్ని ముందే చూసిన ఒక్క చెయ్యి." నేను అన్నయ్య మొహంలోకి చూశాను. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు నోరు తెరుస్తాడు అని. తల కొంచెం వంచి, "ఏదో, ఆ వయసు ఆలోచనలు" అన్నాడు.

డైరెక్టర్ వెళ్ళాక అడిగాను, అదేంటన్నయ్యా అని. "బుజ్జమ్మా, నీకూ నాకూ మీ వదినకీ నిజం తెలుసు కదా, చాలదూ?" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య మీద నేను గొంతు లేపడం ఇదే మొదలు. రంగులు వేసేవాళ్ళు నిచ్చెన దిగి బయటికి వెళ్ళిపోయారు.

ఏం చెయ్యాలో చెప్పు. ఈసారి నువ్వు చెప్పిందే చేస్తాను.

బుజ్జమ్మ

*

ఇల్లు, వంటింటి బల్ల
మే

బుజ్జమ్మకి,

షెడ్డుకి వెళ్ళలేదు ఇవాళ. అచ్చు ముట్టుకుంటే పగలగొట్టేస్తాను, అంత కోపంగా ఉంది.

క్షమాపణ అట. నన్ను క్షమాపణ అడగాలంటే మనిషికి నోరుంది, నాకు చెవులున్నాయి, మధ్యలో ఒక రైలుంది. మట్టికి చెప్తే నాకెలా వినిపిస్తుంది? ముక్కలు ముక్కలుగా తీసుకెళ్ళింది చాలక ఇప్పుడు మొత్తం బండినే తీసుకున్నాడు. పైగా కళ్ళు తుడుచుకుంటూ! బహుశా నిజంగానే ఏడ్చి ఉంటాడు, నిజంగానే క్షమాపణ అనుకుని చేసి ఉంటాడు. తెర తీసేవరకూ అది క్షమాపణే. ఎవరో చేతులు పట్టుకుని పొగడగానే అది ఆయన బండి అయిపోయింది. మొదటి నుంచీ మీ అన్నయ్య పద్ధతే అంత. కావాలని దొంగిలించడు. చేతికిస్తే వద్దనడు.

నా కోపం అదొక్కటే అనుకుంటున్నావా? ఇంకొకటుంది, అది నీకే చెప్తున్నాను. ఆయన సగం బాగుండేది బుజ్జమ్మా. ఎప్పుడూ ఆయనతో అనలేదు, అంటే నెత్తికెక్కుతాడని. ముందు నుంచి వెనక దాకా ఆ గీతని ఒక్క ఊపులో లాగాడు, గుక్క తిప్పుకోకుండా, నేను ఎదురుగా నిలబడి చూశాను. అంత తిన్నని గీత నా చేతికి రాదు. నా సగం దాన్ని చూసి పుట్టింది. ఈ మూల ఆయన నిటారుగా నిలిపాడు కాబట్టే ఆ మూల నేను వంచాను. అలాంటి పనిని గీకి చెత్తబుట్టలో వేశాడు! ఎవడిచ్చాడు ఆయనకా హక్కు? తన పనైనా సరే, ఎవడిచ్చాడు?

ఇప్పుడు ఏం చెయ్యాలో రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. ఆ రెండు పక్కలూ ఒక్కలా ఉన్నంతకాలం అది ఒక్కడి బండే. నువ్వెన్ని బోర్డులు పెట్టినా ఎవడూ నమ్మడు. రెండు పక్కలూ వేరుగా ఉండాలి. కాబట్టి నేను వస్తున్నాను, ప్రారంభానికి ముందే. నా స్క్రేపర్లు నా దగ్గరే ఉన్నాయి, పిడులు అరిగాయి కానీ అంచులు బాగున్నాయి. ఎడమ సగం మీద ఆయన చేసిన నా సగాన్ని గీకేసి, ఆయన సగాన్ని మళ్ళీ ఆయనకి చేసిపెడతాను. నాకు అంగుళం అంగుళం గుర్తుంది. అనుమానముంటే పక్కనే మొదటి తరం బండి ఉంది, కొలుచుకోండి. ఆ గీత దగ్గర నా చెయ్యి తడబడొచ్చు. తడబడితే ఆయన్నే పిలుస్తాను, వణికే చేత్తోనైనా అందరి ముందూ వచ్చి తన గీత తను లాగమంటాను. ఆయన సగం ఆయనది. నా సగం నాది. నడుమ నల్ల టేపు.

నేను దిగేసరికి ఓవెన్ వేసి ఉంచు.

వదిన

*

కార్ల మ్యూజియం, పెద్ద హాలు
మే

వదినకి,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరే లోపు అందుతుందో లేదో.

తెరల్ని కర్రలతో సహా పీకించేశాను. నువ్వు పనిచేస్తుంటే అందరూ చూస్తారు, తలుపులు తెరిచే ఉంచుతాను. డైరెక్టర్ రాయించిన బోర్డు విరిచి చెత్తలో వేశాను. అడిగితే వదిన వస్తోందని చెప్పాను. ఎవరు ఆవిడ అన్నాడు. కుడివైపు అన్నాను. అర్థం కాలేదు, అయినా నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

నువ్వు రాసిందంతా అన్నయ్యకి చదివి వినిపించాను, ఆయన గీత గురించి రాసింది కూడా. వద్దంటావని తెలుసు, అయినా చదివాను. లేచి వెళ్ళి, గీకేసిన మట్టి ఉన్న బస్తా ఈడ్చుకొచ్చి ఓవెన్ పక్కన పెట్టాడు. అదే మట్టితో చెయ్యమన్నాడు.

లైట్లు రెండు వైపులా పెట్టించాను. హాల్లో కుర్చీలు మాత్రం ఒక్కటి కూడా వెయ్యలేదు. చూడాలనుకున్న ప్రతివాడూ చుట్టూ తిరిగే చూడాలి.

నీ బుజ్జమ్మ